పిల్లలకు ఇంటి దగ్గరే భూగోళం చెప్పాలంటే

పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకునే తల్లిదండ్రులు లెక్కలకు, భాషకు పెట్టినంత శ్రద్ధ భూగోళానికి పెట్టలేరు. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో సాయంత్రం మిగిలే గంటన్నర ఎక్కాలకూ చదవడానికే సరిపోతుంది. భూగోళం వంతు వచ్చేసరికి రాష్ట్రాలు, రాజధానులు, నదుల పేర్లున్న చార్టు ఒకటి గోడకు అంటించి సరిపెడతారు. పిల్లలు ఆ పేర్లన్నీ గడగడా అప్పజెబుతారు. మన కుళాయిలో నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయని అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తారు.

మూడు నుంచి ఐదో తరగతి వయసు పిల్లలకు భూగోళం చెప్పడానికి మీరు ఆ సబ్జెక్టులో డిగ్రీ చేసి ఉండక్కర్లేదు. వారానికి రెండు గంటలు చాలు. ఒక్క నియమం మాత్రం గట్టిగా పట్టుకోండి: పిల్లలు ప్రతి వారం ఏదో ఒకదాన్ని కళ్లతో చూడాలి, చేత్తో కొలవాలి, కాగితం మీద గీయాలి. పేర్లు ఆ తర్వాత చెప్పండి. అలా వచ్చిన పేర్లు నిలుస్తాయి.

ముందు కాగితాల సంగతి

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లల చదువు దాని పరిధిలోకి వస్తుంది. ఇంటి చదువు కోసం మన దేశంలో విడిగా చట్టం లేదు. అందుకే చాలా కుటుంబాలు జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ వైపు చూస్తాయి. దాని ప్రాథమిక విద్యా కార్యక్రమంలో ‘ఎ’ స్థాయి మూడో తరగతికి, ‘బి’ ఐదో తరగతికి, ‘సి’ ఎనిమిదో తరగతికి సమానం. పదో తరగతి స్థాయి పరీక్షకు 14 ఏళ్లు నిండి ఉండాలి. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠాలు పదో తరగతి, ఇంటర్ నడుపుతున్నాయి. అమెరికాలో ఉన్న మన వాళ్లకు ఇంటి చదువు 50 రాష్ట్రాల్లోనూ చట్టబద్ధమే. హాజరు, పరీక్షల నియమాలు మాత్రం రాష్ట్రానికో తీరుగా ఉంటాయి కాబట్టి మీరుండే రాష్ట్రం నియమాలు చదువుకోండి.

ప్రాథమిక తరగతుల్లో భూగోళం విడి సబ్జెక్టుగా ఉండదు, పరిసరాల విజ్ఞానంలో కలిసే ఉంటుంది. రెండు రాష్ట్రాల పాఠ్యపుస్తకాలూ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటిని దగ్గర పెట్టుకోండి. పాఠం వెంట పాఠం పూర్తి చేయాలన్న తొందర వద్దు. ఏ వయసుకు ఏ అంశం అన్నది చూసుకోవడానికి వాడుకుంటే చాలు.

వారం ఎలా నడపాలి

ఆదివారం ఒక గంట బయట. వారం మధ్యలో రెండు సాయంత్రాలు ఇరవై నిమిషాల చొప్పున బల్ల దగ్గర. రోజూ రెండు నిమిషాలు వాతావరణం రాసుకోవడం. ఇంతకు మించి పెట్టుకుంటే రెండు వారాలు నడిచి ఆగిపోతుంది.

రోజువారీ రెండు నిమిషాల పని తాతయ్యకో అమ్మమ్మకో అప్పగించండి. గాలి ఎటు నుంచి వీస్తోంది, ఆకాశంలో మబ్బుందా, చెరువులో నీళ్లెంత అని చూసే అలవాటు వాళ్లకు ముందే ఉంటుంది. మృగశిర, ఆరుద్ర కార్తెల పేర్లు పిల్లలకు వాళ్ల నోటనే వినిపించాలి. మీది రాత్రి షిఫ్టయితే ఆదివారం గంటను మీకు వీలైన సెలవు రోజుకు మార్చుకోండి. ఏ రోజన్నది ముఖ్యం కాదు, వారం తప్పకపోవడం ముఖ్యం.

మీ ఉద్యోగమే మొదటి పాఠం

ఇంటి చదువుకున్న పెద్ద వసతి ఇది. మీరు చేసే పనిలోనే పిల్లలకు కావాల్సిన భూగోళం చాలా వరకు ఉంది.

కూరగాయల దుకాణం నడిపే తల్లికి మదనపల్లె టమాటా, కర్నూలు ఉల్లి, గుంటూరు మిరప, నిజామాబాద్ పసుపు, కోనసీమ కొబ్బరి ఏ రోజు ఏ దారిన దిగుతాయో తెలుసు. ఆ సరుకుల సంచుల మీది ఊళ్ల పేర్లు పటంలో గుర్తించమని పిల్లలకు చెప్పండి. కొబ్బరి కోనసీమ నుంచే ఎందుకొస్తోంది, మెదక్ నుంచి ఎందుకు రాదు అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నలో నేల, నీరు, సముద్రం, రవాణా నాలుగూ వచ్చేస్తాయి.

ఆర్టీసీలో పనిచేసే తండ్రి తన రూటులోని స్టాపులు వరసగా చెబితే పిల్లలు వాటిని గీతపటంగా గీయవచ్చు. విద్యుత్ శాఖలో ఉద్యోగమైతే ఇంటి బల్బు నుంచి వెనక్కి నడిపించండి: స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్, సబ్‌స్టేషన్, ఆపైన శ్రీశైలం నీళ్లో రామగుండం బొగ్గో. నర్సుగా పనిచేసే అమ్మ వానలు మొదలయ్యాక ఏ జ్వరాలు పెరుగుతాయో, ఏ బస్తీల నుంచి ఎక్కువమంది వస్తారో చెప్పగలదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి రాత్రి మీటింగులో ఎందుకు కూర్చోవాల్సి వస్తోందో వివరిస్తే రేఖాంశాల పాఠం అక్కడే మొదలైనట్టు.

దిక్కులు: కర్ర, నీడ

తెలుగు ఇళ్లలో వాస్తు మాటల వల్ల ఎనిమిది దిక్కుల పేర్లు పిల్లల చెవిన పడుతూనే ఉంటాయి. ఆగ్నేయంలో పొయ్యి, ఈశాన్యంలో నీళ్లు అన్న మాట విననివాళ్లు తక్కువ. ఆ పేర్లను భూగోళానికి వాడుకోండి. ఇంట్లో నైరుతి మూల చూపించి, జూన్‌లో రుతుపవనాలు ఆ వైపు నుంచి వస్తాయని చెప్పండి. గాలికి అది వచ్చే దిక్కు పేరే పెడతారన్న సంగతి ఒక్కసారి పట్టుబడితే, ఈశాన్య రుతుపవనాలు ఎటు నుంచి వస్తాయో పిల్లలే చెబుతారు.

తర్వాత దిక్కును కొలవాలి. మేడ మీద మీటరు కర్ర ఒకటి నిట్టనిలువుగా నిలబెట్టండి. ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 2 దాకా అరగంటకోసారి, 12కూ 12.30కూ మధ్య ఐదు నిమిషాలకోసారి నీడ కొసన సుద్దముక్కతో గుర్తు పెట్టించండి. అన్నిట్లోకీ పొట్టి నీడ ఉత్తర దక్షిణాలుగా పడుతుంది. హైదరాబాద్‌లో ఆ పొట్టి నీడ సరిగ్గా 12 గంటలకే పడదు. ఏడాది పొడవునా 12కూ 12.30కూ మధ్య అటూ ఇటూ మారుతుంది. మన గడియారాలు 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ప్రకారం నడుస్తాయి. ఆ రేఖ కాకినాడ సమీపంలో పోతుంది. హైదరాబాద్ దానికి నాలుగు డిగ్రీలు పడమరన ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన సూర్యుడు ఇక్కడ నడినెత్తికి రావడానికి సగటున పదహారు నిమిషాలు ఆలస్యమవుతుంది.

ఇదే కర్రతో ఇంకో వింత చూపించవచ్చు. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో మరోసారి మధ్యాహ్నం కర్రకు నీడే ఉండదు. ఆ రెండు తేదీల నడుమ మధ్యాహ్నపు నీడ దక్షిణం వైపు పడుతుంది, మిగతా ఏడాదంతా ఉత్తరం వైపు. తిరుపతి ఇంకా దక్షిణాన ఉంది కాబట్టి అక్కడ నీడ లేని మొదటి రోజు ఏప్రిల్ చివరి వారంలోనే వస్తుంది. వేర్వేరు ఊళ్లలో ఉన్న అన్నదమ్ముల పిల్లలు ఒకే రోజు నీడ కొలిచి ఫోనులో చెప్పుకుంటే అక్షాంశం అంటే ఏమిటో వాళ్లకు మళ్లీ చెప్పక్కర్లేదు. సూర్యుణ్ణి నేరుగా చూడకూడదని మాత్రం ముందే హెచ్చరించండి.

పటం గీశాకే పటం చదవాలి

అట్లాసు తెరవడానికి ముందు పిల్లలు మూడు పటాలు సొంతంగా గీయాలి: తమ గది, తమ ఇల్లు, తమ వీధి. గళ్ల నోటుపుస్తకం తీసుకోండి. టేపుతో పది మీటర్లు కొలిచి, ఆ దూరానికి పిల్లవాడికి ఎన్ని అడుగులు పడుతున్నాయో లెక్కపెట్టించండి. తర్వాత వీధి వెంట నడుస్తూ అడుగులు లెక్కపెట్టి, పది అడుగులకు ఒక గడి చొప్పున గీయించండి. ఇదే స్కేలు. గుడికి, కిరాణా కొట్టుకు, నీళ్ల ట్యాంకుకు, వేపచెట్టుకు తలా ఒక గుర్తు పెట్టించి, పటం మూలన ఆ గుర్తుల జాబితా రాయిస్తే పటసూచిక తయారవుతుంది. ఉత్తరం వైపు బాణం గీత కర్ర నీడ చూసి పెట్టించండి.

పటం అయ్యాకే మీ ఫోనులో ఉపగ్రహ చిత్రం తెరిచి పక్కన పెట్టండి. ఏది తప్పిపోయింది, ఏ మలుపు పొరపాటుగా వచ్చిందో పిల్లలే పట్టుకుంటారు. హైదరాబాద్‌లోని జాతీయ సుదూర సంవేదన కేంద్రం నడిపే ‘భువన్’ వెబ్‌సైటులో మన దేశపు ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా చూడవచ్చు. 1767లో మొదలైన సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 స్కేలు పటాలను ఇంటర్నెట్‌లో అందుబాటులో ఉంచింది. వాటిలో రెండు సెంటీమీటర్లంటే నేల మీద ఒక కిలోమీటరు. మీ ఊరి పటం తీసి, ఊరి చెరువు, గుట్ట, రైలుకట్ట వెతికించండి.

ఐదో తరగతి వయసు వాళ్లకు గుట్టను పటంలో ఎలా చూపిస్తారో కూడా చెప్పవచ్చు. తొట్టిలో ఒక పెద్ద రాయి పెట్టి, రెండు సెంటీమీటర్ల ఎత్తున నీళ్లు పోసి, నీటి అంచు వెంట రాయి చుట్టూ గీత గీయించండి. మళ్లీ రెండు సెంటీమీటర్లు పోసి మరో గీత. పై నుంచి చూస్తే ఆ గీతలే సమోన్నత రేఖలు. గీతలు దగ్గరగా ఉన్నచోట రాయి నిటారుగా ఉందని వేలు పెట్టి తడిమితే తెలుస్తుంది.

ఒక నదిని చివరిదాకా

పాతిక నదుల పేర్ల కన్నా ఒక నది పూర్తి కథ పిల్లలకు ఎక్కువ నేర్పుతుంది. ఆరేడు వారాలు ఒకే నది మీద ఉండండి. తెలుగు వాళ్లకు గోదావరి అన్ని విధాలా తగినది.

పొడవాటి కాగితం చుట్ట ఒకటి తీసుకుని వారానికో భాగం గీయించండి. నాసిక్ దగ్గరి త్రయంబకంలో పుట్టుక. కందకుర్తి దగ్గర మంజీర కలిసి తెలంగాణలోకి రాక. బాసర, శ్రీరాంసాగర్, ధర్మపురి. కాళేశ్వరం దగ్గర ప్రాణహిత కలయిక. భద్రాచలం. తూర్పు కనుమలను చీల్చుకుంటూ పాపికొండల దారి. పోలవరం. 1852 నాటికి ఆర్థర్ కాటన్ ఆనకట్ట కట్టించిన ధవళేశ్వరం. అక్కణ్ణుంచి గౌతమి, వశిష్ఠ పాయలు, వాటి మధ్య కోనసీమ, అంతర్వేది దగ్గర వశిష్ఠ సముద్రంలో కలవడం. మొత్తం 1,465 కిలోమీటర్లు.

గీస్తున్నప్పుడు ఈ ప్రశ్న వేయండి: త్రయంబకం నుంచి అరేబియా సముద్రం సుమారు 80 కిలోమీటర్లే, మరి గోదావరి అటు పోకుండా ఇంత దూరం తూర్పుకు ఎందుకు వచ్చింది? వెంటనే జవాబు చెప్పేయకండి. ఒక పళ్లెంలో మట్టి పరిచి, పడమటి అంచు ఎత్తుగా చేసి, తూర్పుకు వాలుగా పెట్టి నీళ్లు పోయనివ్వండి. దక్కన్ పీఠభూమి తూర్పుకు వాలి ఉందన్న మాట పిల్లల నోటినుంచే వస్తుంది. అదే పళ్లెంలో నీళ్లు చివరికి చేరినచోట మట్టి మేటవేస్తుంది. డెల్టా ఎలా ఏర్పడుతుందో, కోనసీమ నేల ఎందుకంత సారవంతమో అక్కడ కనబడుతుంది.

హైదరాబాద్ పిల్లలకు మూసీ కూడా మంచి పాఠం. వికారాబాద్ అనంతగిరి కొండల్లో పుట్టి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది కాబట్టి పుట్టుక, సంగమం రెండూ ఒక్కో రోజు ప్రయాణంలో చూడవచ్చు. 1908 సెప్టెంబరు వరద గురించి చెప్పి, ఆ తర్వాతే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఎందుకు కట్టారో అడగండి. ఊరికి రైల్లో వెళ్లేటప్పుడు కిటికీ పక్కన సీటు పిల్లలకే ఇవ్వండి. ఎర్రనేల ఎక్కడ ఆగింది, నల్లరేగడి ఎక్కడ మొదలైంది, వరి ఎక్కణ్ణుంచి కనబడింది అని స్టేషన్ల పేర్లతో రాసుకోమనండి.

వానను కొలవడం

గోడలు నిటారుగా, అడుగు చదునుగా ఉన్న డబ్బా ఒకటి మేడ మీద గోడలకూ చెట్లకూ దూరంగా పెట్టండి. వాన పడ్డాక ఉదయం 8.30కి స్కేలుతో నీటి ఎత్తు కొలిపించండి. వాతావరణ శాఖ రోజువారీ లెక్క తీసే వేళ కూడా అదే కాబట్టి మరుసటి రోజు పేపర్లో పడిన అంకెతో పోల్చుకోవచ్చు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. మేడ వంద చదరపు మీటర్లుంటే పది మిల్లీమీటర్ల వానకు వెయ్యి లీటర్లు. ఆ నీళ్లన్నీ ఎటు పోయాయో పైపు వెంట నడిచి చూడమనండి. జూన్ నుంచి డిసెంబరు దాకా అంకెలు రాసి నెలవారీ పట్టీల బొమ్మ గీస్తే రుతుపవనాల పాఠం సొంత లెక్కల మీద నిలబడుతుంది.

గ్లోబు మొదటి రోజు నుంచీ

ఇల్లు, వీధి, ఊరు అంటూ మెల్లగా పోతున్నా గ్లోబు మాత్రం మొదటి రోజు నుంచీ బల్ల మీద ఉండాలి. 12 అంగుళాల గ్లోబు మీద ఒక సెంటీమీటరు సుమారు 420 కిలోమీటర్లు. దారంతో హైదరాబాద్ నుంచి ఢిల్లీకి కొలిస్తే మూడు సెంటీమీటర్లు వస్తుంది. పిన్నిగారు డల్లాస్‌లో ఉంటే అక్కడికీ దారం బిగించి పట్టుకోమనండి. దారం ఉత్తర ధ్రువానికి దగ్గరగా పోవడం చూసి పిల్లలు ఆశ్చర్యపోతారు. చీకటి గదిలో టార్చి వేసి గ్లోబు తిప్పితే మనకు రాత్రయినప్పుడు వాళ్లకు పగలెందుకో కనిపిస్తుంది. గంటకు 15 డిగ్రీల చొప్పున 82.5 డిగ్రీలకు అయిదున్నర గంటలని భాగించి చూడటం ఐదో తరగతి లెక్క. మెల్‌బోర్న్‌లో బంధువులుంటే డిసెంబరులో వీడియోకాల్ చేసి అక్కడి ఎండాకాలం చూపించండి.

గోడమీది ప్రపంచ పటాన్ని గ్లోబుతో పోల్చడం తప్పనిసరి. చాలా పటాల్లో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా దానికన్నా 14 రెట్లు పెద్దది, మన దేశం దాదాపు ఒకటిన్నర రెట్లు. గుండ్రటి భూమిని చదునుగా పరిస్తే ఎక్కడో ఒకచోట సాగదీయక తప్పదని నారింజ తొక్క ఒలిచి బల్ల మీద పరిచి చూపించండి.

కొనేటప్పుడు

గ్లోబు, ఒక స్కూల్ అట్లాసు, అవుట్‌లైన్ మ్యాపుల కట్ట, చిన్న దిక్సూచి. వీటితో రెండేళ్లు గడుస్తాయి. అట్లాసు ముద్రించిన సంవత్సరం తప్పక చూడండి. తెలంగాణ 2014 జూన్ 2న ఏర్పడింది. అప్పటి 10 జిల్లాలు 2016లో 31, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. జమ్ముకశ్మీర్, లద్దాఖ్ 2019 అక్టోబరు 31 నుంచి కేంద్రపాలిత ప్రాంతాలు. జిల్లాల సంఖ్యను ఏటా ప్రభుత్వ వెబ్‌సైటులో సరిచూసుకోండి. విదేశాల్లో అచ్చయిన పటాల్లో మన దేశ సరిహద్దులు వేరుగా ఉంటాయి. ఇక్కడి పరీక్షలకు సర్వే ఆఫ్ ఇండియా సరిహద్దులున్న పటమే వాడాలి.

నేర్చుకున్నారో లేదో

అప్పజెప్పించుకోవడం కాకుండా మూడు నెలలకోసారి ఈ నాలుగు పనులు పెట్టండి. తెలియని వీధిలో పటం చేతికిచ్చి దారి చూపించమనడం. ఖాళీ అవుట్‌లైన్‌లో ఆ నెల నేర్చిన నదిని చూడకుండా గీయమనడం. వాన లెక్కల బొమ్మ చూపి ఏ నెలలో ఎందుకు ఎక్కువ పడిందో చెప్పమనడం. వంటింట్లోని ఒక వస్తువు ఎక్కడ పండింది, మన దాకా ఎలా వచ్చిందో వివరించమనడం. గీసిన పటాలు, నీడ కొలతలు, వాన పట్టికలు తేదీలతో ఒక ఫైలులో పెట్టండి. రేపు బడిలో చేర్చాల్సి వచ్చినా, సార్వత్రిక పరీక్ష రాయించినా పిల్లలు ఏం నేర్చుకున్నారో ఆ ఫైలే చెబుతుంది.

తాము తాగే నీరు, తినే తిండి ఎక్కడివో తెలిసిన పిల్లలు పెద్దయ్యాక చెరువు పూడ్చే చోట ఇల్లు కొనరు, పక్క ఊరి కరువును పరాయి సంగతి అనుకోరు. అందుకే ఈ సబ్జెక్టును చార్టుకు వదిలేయవద్దని ఇంతగా చెప్పడం.

మొదటి నెలకు పని ఇది. మొదటి ఆదివారం కర్ర నీడతో దిక్కులు. రెండో ఆదివారం గది, ఇంటి పటం. మూడో ఆదివారం అడుగులు లెక్కపెడుతూ వీధి పటం. నాలుగో ఆదివారం మీరు పనిచేసే చోటుకు పిల్లల్ని తీసుకెళ్లి, అక్కడికి ఏమేం ఎక్కడెక్కడి నుంచి వస్తాయో చూపించి, సాయంత్రం పటంలో గుర్తు పెట్టించండి. ఐదో ఆదివారం నుంచి నది మొదలుపెట్టవచ్చు.